చెల్లని హుండీలు

వర్తకమునకు మాటయే మొదటి పెట్టుబడియని మన పూర్వులు చక్కగా నెరిగియుండిరి. రైలును తంతియు లేని దినములలో దక్షిణదేశపు పేటలో నొక సాహుకారు వ్రాసియిచ్చిన దర్శనీ హుండీని కాశీలోని కోఠీవారు చూచినంతనే చెల్లించెడివారు. తెచ్చినవాడు వారికి క్రొత్త. అతని ముఖముతో వారికి పనిలేదు. హుండీపై నున్న వ్రాలు తమ వారిదగునా కాదా యని మాత్రమే చూచెడివారు. ఒకవేళ ఆ కోఠీ నకరాయించునేమోయను శంకయున్నచో, అదే యూరిలోని మరియొక వర్తకుని పేర జిక్రీచీటి వ్రాసియిచ్చి, దూరదేశమున బాటసారి దిక్కులేనివాడు కాకుండ కట్టుదిట్టము చేయుటయు నాచారమై యుండెను. హుండీని నిష్కారణముగా త్రిప్పిపంపిన కోఠీ మరునాడు బజారులో తలయెత్తుకొనజాలక పోయెడిది.

నేడు ఆకాశమార్గమున వర్తకము చేయు కంపెనీలును ఇట్టి హుండీలనే వ్రాయుచున్నవి. గోల్డు, ప్లాటినము, సఫైరు, ఎమరాల్డు అని వానికి మెరుగుపేర్లు. తమ విమానములలోనే పలుమారులు ప్రయాణము చేసినవారికి కంపెనీలు ఈ గౌరవపత్రముల నిచ్చి, “మా కూటమిలోని ఏ కంపెనీ విమానము నెక్కినను మీకీ మర్యాదలు జరుగు”నని ప్రకటించుచున్నవి. తీరా ఆ పత్రమును మరియొక కంపెనీవారి కౌంటరు వద్ద చూపినచో, “ఇది మాకు వర్తింపదు, కార్డు ఇచ్చినవారి నడుగుడు” అందురు. ఇచ్చినవారి నడిగినచో, “ఆ విమానము మాది కాదు, నడపినవారి నడుగుడు” అందురు. ఇద్దరి నడుమ ప్రయాణికుడు అదనపు పెట్టెకు రొక్కము చెల్లించి, రసీదు చేతబట్టుకొని విమానమెక్కుచున్నాడు. ఈ యన్యాయమును గూర్చి నేడు కొంత వివరముగా వ్రాయదలచితిమి.

ఈ పద్ధతి పుట్టుపూర్వోత్తరములను ముందుగా చెప్పవలసియున్నది. అమెరికాలో 1978లో విమానపు చార్జీలపై ప్రభుత్వమునకు గల అదుపు తొలగింపబడెను. కంపెనీల నడుమ పోటీ ప్రబలెను. ప్రయాణికుడు నేడు తమ విమానమెక్కి రేపు పొరుగువారి విమానమెక్కకుండ కట్టివేయు త్రాడొకటి వారికి కావలసివచ్చెను. 1981 మే 1వ తేదీన అమెరికన్ ఎయిర్‌లైన్సు కంపెనీ మైళ్లు లెక్కగట్టి బహుమానములిచ్చు పద్ధతిని ప్రారంభించెను. కొలది దినములలోనే యునైటెడు కంపెనీ దాని ననుసరించెను. పిమ్మట ఒక దేశపు కంపెనీ మరియొక దేశమున స్వేచ్ఛగా వ్యాపింపకుండను, దానిని కొనివేయకుండను చట్టములడ్డుగా నుండుటచే, కంపెనీలు విలీనము కాకయే ఒక్క పేరుతో లోకమంతటను టికెట్లమ్ముకొను నుపాయమును కనిపెట్టినవి. 1997 మే 14న అయిదు కంపెనీలు కలిసి స్టార్ అలయన్సును స్థాపించినవి. 1999లో ఒన్‌వరల్డు, 2000లో స్కైటీము వెలసినవి. మన ఎయిరిండియా 2014 జూలై 11న స్టార్ కూటమిలో చేరెను.

పాఠకులు గమనింపవలసిన మర్మమిందే యున్నది. అమ్మునపుడు ఈ కంపెనీలన్నియు ఒక్కటి: ఒకే గుర్తు, ఒకే నినాదము, ఒకే చిత్రపటము. అప్పు తీర్చునపుడు మాత్రము ఎవరి కుంపటి వారిది. లాభమునకు ఉమ్మడి కుటుంబము, బాధ్యతకు వేరు కాపురము! ఇట్టి కుటుంబమును మన గ్రామములలో నేమందురో పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు.

స్టార్ కూటమివారి గోల్డు పత్రమునే దృష్టాంతముగా గొందము. దానిని చూపినవానికి వేరు వరుసలో కౌంటరు, ముందుగా విమానమెక్కు హక్కు, తూకమునుబట్టి సామాను లెక్కించుచోట ఇరువది కిలోలును, పెట్టెలనుబట్టి లెక్కించుచోట ఒక పెట్టెయు అదనము, లాంజి యను విశ్రాంతిమందిరమున ప్రవేశము, అదే విమానమున వచ్చు ఒక యతిథిని వెంటగొనిపోవు హక్కు — ఇవి అందు చెప్పబడిన మర్యాదలు. ఇవి యల్పములని కొందరు నవ్వవచ్చును. హైదరాబాదునుండి ఫ్రాంక్‌ఫర్టు వరకు ఒక కంపెనీ, అటనుండి షికాగో వరకు మరియొక కంపెనీగా, ఒక్క టికెట్టుపై పోవు మనవారిని తలచుకొనుడు. కుమార్తె పురిటికి పోవు తల్లియొకతె, ఆమెను వెంటగొనిపోవు కుమారుడొకడు. రాత్రి రెండు జాములవేళ బయలుదేరి, పరదేశపు విమానాశ్రయమున గంటలకొలది కాచుకొనవలసిన ఆ వృద్ధురాలికి కాళ్లు చాచుకొన నొక కుర్చీ, త్రాగుటకు వేడినీళ్లు విలాసములా? ఆ కుమారుడు ఏడాదిపాటు ఉద్యోగధర్మమున తిరిగి తిరిగి సంపాదించినది ఆ కుర్చీయే. దానిని గుమ్మమువద్ద కాదనుట చిన్న విషయమని మేమనజాలము.

ఇక నిరాకరణ విధములు పెక్కు. మొదటిది, సూక్ష్మాక్షరములలో దాచిన మినహాయింపు. యునైటెడు కంపెనీ తన సొంత గోల్డు సభ్యులు అమెరికాలోపల మాత్రమే ప్రయాణించునపుడు వారిని తన విశ్రాంతిమందిరములలోనికి ఆ కార్డుపై రానీయదు. పరదేశపు కంపెనీ ఇచ్చిన అదే తరగతి గోల్డు కార్డు తెచ్చినవారిని మాత్రము రానిచ్చును. ఇంటివానికి వీధియరుగు, పొరుగువానికి పీట! ఈ నియమము వ్రాతపూర్వకముగ నున్నదే, మోసమని మేమనము. కాని బంగారమను ఒకే పేరు ఒకే గుమ్మమువద్ద ఇద్దరికి రెండు విలువలుగా మారుచున్నపుడు, ఆ పేరు తూనికరాయి కాదు, ముసుగు.

రెండవది, పిల్లకంపెనీల మాయ. సింగపూరు ఎయిర్‌లైన్సు స్టార్ కూటమిలో సభ్యము. దాని పిల్లకంపెనీయగు స్కూటు సభ్యము కాదు. విశాఖపట్టణమునుండి సింగపూరునకు పూర్వము సిల్క్‌ఎయిర్ నడపిన మార్గము 2019లో స్కూటునకు మారెను. ఎయిరిండియా కూటమిలో సభ్యము. మన విజయవాడ, విశాఖపట్టణములకు వచ్చిపోవు ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ సభ్యము కాదు. తల్లికంపెనీ పేరును సంఖ్యను ముద్రించిన టికెట్టుపై పిల్లకంపెనీ విమానమెక్కు వాడుక విమానలోకమంతటను గలదు. అట్టి టికెట్టు కొనువాడు పెద్దయక్షరములలోని పేరును చూచి కొనును. ఎక్కునపుడు చిన్నయక్షరములలోని పేరు అతనికెదురగును. అమ్మినది ఎవరి పేరు, నడపినది ఎవరి విమానము, చెల్లనిది ఎవరి కార్డు? దూరపు పట్టణములవారికి పెద్ద నగరములవారికంటె ఈ బాధ యెక్కువ. ఏలయన వారికి రెండవ విమానము లేదు.

మూడవది, కౌంటరువద్ద జరుగు శుద్ధ నిరాకరణ. నియమము స్పష్టముగా నుండును; కార్డు చెల్లుబడిలో నుండును; అయినను “మా యంత్రములో కనబడుటలేదు” అను నొక్కమాటతో సర్వము ముగియును. అచ్చట నిలిచియున్న యువకునిగాని యువతినిగాని మేము నిందింపము. పెక్కు విమానాశ్రయములలో ఆ యుద్యోగి ఆ కంపెనీ మనిషియే కాడు. గుత్తకు పనిచేయు వేరొక సంస్థ జీతగాడు. భాగస్వాముల నియమములు అతనికి నేర్పినవారు లేరు. నేర్చుకొన తీరికయు లేదు. తప్పు యెచట పుట్టినదో చూడవలెను. ఒక కంపెనీ కార్డుపై వచ్చిన యతిథిని మరియొకరి మందిరమున కూర్చుండబెట్టినచో ఖర్చు ఎవరిదో ఆ కంపెనీలు తమలో తాము లెక్కలు చూచుకొనును. ఆ లెక్కలో తగాదా వచ్చినపుడు, ఖర్చు తగ్గింపవలసినపుడు, ప్రక్కకు నెట్టబడువాడు ప్రయాణికుడే. భాగస్వాముల తగాదాకు అతిథిని వాకిట నిలుపుట ఏ మర్యాద?

నాలుగవది, కూటములు మారుట. స్టార్ అలయన్సును స్థాపించిన అయిదు కంపెనీలలో నొకటియగు స్కాండినేవియన్ ఎయిర్‌లైన్సు 2024 ఆగస్టు 31తో ఆ కూటమిని వదలి, మరునాడే స్కైటీములో చేరెను. దాని కార్డుపై స్టార్ గౌరవమును సంపాదించినవారికి స్కైటీము గౌరవము లభించెను. పాతకూటమి కంపెనీలకొరకు కట్టుకొన్న ప్రయాణపథకములు మాత్రము రాత్రికిరాత్రి వ్యర్థమైనవి. ఇల్లు కట్టినవాడే ఇల్లు వదలి పోవుచుండగా, ఆ యింటి పేర వ్రాసిన పత్రమునకు పూచీ యెవరు? 2012లో కింగ్‌ఫిషరు, 2019 ఏప్రిలు 17న జెట్ ఎయిర్‌వేసు నిలిచిపోయినపుడు మనదేశపు ప్రయాణికులును ఇట్టి అనుభవమునే పొందిరి. అయితే దివాలాతీసినవాని హుండీ చెల్లకపోవుట దురదృష్టము; నిండుకోఠీలో కూర్చుండి హుండీని త్రిప్పివేయుట దౌష్ట్యము. మేమిచట విమర్శించుచున్నది రెండవదానిని.

కంపెనీల పక్షమున చెప్పబడు మొదటి సమాధానమేమన, ఇవి హక్కులు కావు, మా యనుగ్రహములు; ఇష్టమైన ఇత్తుము, లేకున్న మానుదుము అని. ఈ మాట పూర్వమొకప్పుడు కొంత చెల్లియుండవచ్చును. నేడు చెల్లదు. డెల్టా కంపెనీ 2024 జనవరి 1 నుండియు, బ్రిటిష్ ఎయిర్‌వేసు 2025 ఏప్రిలు 1 నుండియు, తిరిగిన దూరమునకు మారుగా ప్రధానముగ వెచ్చించిన సొమ్మునుబట్టియే ఈ స్థానముల నిచ్చుచున్నవి. ఇంత సొమ్మిచ్చిన ఇంత గౌరవమని వెలకట్టి, సొమ్ము ముందుగా పుచ్చుకొని, పిమ్మట అనుగ్రహమనుట ఎట్లు పొసగును? వెల పుచ్చుకొన్న వస్తువు దానమగునా?

అంతకంటె గట్టి సాక్ష్యమును కంపెనీలే పలికినవి. కరోనా వ్యాధి ప్రబలి విమానములు నేలబట్టిన 2020వ సంవత్సరమున యునైటెడు కంపెనీ తన మైళ్ల పథకమును తాకట్టుపెట్టి 680 కోట్ల డాలర్లు అప్పు తెచ్చెను. డెల్టా అట్లే 900 కోట్ల డాలర్లు తెచ్చెను. 2021లో అమెరికన్ ఎయిర్‌లైన్సు 1,000 కోట్ల డాలర్లు తెచ్చెను. తాకట్టు పెట్టినదేమి? విమానములు కావు, భవనములు కావు. ప్రయాణికులకు తమ మాటయందు గల విశ్వాసము! ఋణదాత యెదుట ఈ మాట వేలకోట్ల ఆస్తి. ప్రయాణికుని యెదుట అదే మాట యిష్టమైన ఇచ్చు భిక్ష. ఒకే వస్తువు సాహుకారునొద్ద బంగారమును, గృహస్థునొద్ద గవ్వయు నగుట ఏ లెక్కల శాస్త్రములోనిది?

రెండవ సమాధానము, నియమములలో “మా యిష్టానుసారము ఎప్పుడైనను మార్పవచ్చు”నని వ్రాసియే యున్నదని. ఔను, వ్రాసియున్నది. ఆ వ్రాతయే రోగమూలము. 1988లో అమెరికన్ ఎయిర్‌లైన్సు అదివరకే ప్రయాణికులు కూడబెట్టుకొన్న మైళ్లపై క్రొత్త నిర్బంధములు విధింపగా, వారు న్యాయస్థానమునకెక్కిరి. 1995లో అమెరికా అత్యున్నత న్యాయస్థానము, కంపెనీ తానై చేసిన వాగ్దానమును ఒప్పందముగా నెంచి దావా తేవచ్చునని తీర్పు చెప్పెను. అది శుభము. కాని 2014 ఏప్రిలు 2న అదే న్యాయస్థానము మరియొక తీర్పు చెప్పెను. తరచుగా ఫిర్యాదులు చేయుచున్నాడను కారణముపై నార్త్‌వెస్టు కంపెనీ ఒక మతాచార్యుని సభ్యత్వమును రద్దుచేయగా, కంపెనీ తన నిర్ణయాధికారమును నిజాయితీగా వినియోగింపలేదని అతడు తెచ్చిన వాదమును 1978 నాటి చట్టము అడ్డగించుచున్నదని ధర్మాసనము ఏకగ్రీవముగా తేల్చెను. ఈ రెండు తీర్పులను కలిపి చదివిన తేలునది యిది: కంపెనీ ఏమి వ్రాసెనో అంతవరకే బాధ్యత. కావున కంపెనీవారు చేయవలసినదల్లా, ప్రకటనలో సర్వమును వాగ్దానము చేసి, నియమావళిలో ఏమియు వాగ్దానము చేయకుండుట! వారు చేయుచున్నదదియే.

మూడవ యాక్షేపణ మన పాఠకులలోనే కొందరు తేగలరు. రైలు సాధారణ తరగతిలో నిలువ చోటులేని దేశమున, విమానపు మెత్తని కుర్చీలవారి కష్టము మనకేల యని. ఈ ప్రశ్న సమంజసమే. సమాధానము చెప్పుట మా విధి. మేము సోఫాలకొరకు వాదించుటలేదు. వెలపుచ్చుకొని యిచ్చిన మాటను నిలుపవలెనను ధర్మముకొరకు వాదించుచున్నాము. విద్యయు, ధనమును, ఇంగ్లీషున వ్రాయగల నేర్పును గలవానికే ఇచ్చిన మాట దక్కనిచో, ఏమియు లేనివాని గతి యేమి? “నిబంధనలు వర్తించును” అను నొక్క చిన్నవాక్యము నేడు బ్యాంకు కార్డులలో, బీమా పత్రములలో, టెలిఫోను పథకములలో, అంగడి బహుమానపు టికెట్లలో నెల్ల చొచ్చియున్నది. పైమెట్టున దానిని నిలువనిచ్చినచో క్రిందిమెట్టున ఆపజాలము.

విశ్రాంతిమందిరములు క్రిక్కిరిసి పోవుచున్నవి, ఖర్చులు పెరిగినవని మరియొక మాట గలదు. నిజమే కావచ్చును. నూరుమందికి భోజనము వండి వేయిమందికి విస్తళ్లు పంచినవాడు, పంక్తిలోనివారిని లేపివేయుటకు అధికారి కాడు. విస్తళ్లు తక్కువ పంచవలసినది.

ప్రభుత్వము తలచినచో ఏమియు అసాధ్యము కాదు. అమెరికాకు వచ్చిపోవు టికెట్టుపై ఎన్ని కంపెనీల విమానములు మారినను, ప్రయాణారంభమున వర్తించిన సామాను నియమమే తుదివరకు వర్తింపవలెనని ఆ దేశపు రవాణాశాఖ 2011లో శాసించెను. భాగస్వాములు నియమములు కలుపుకొనలేమని మొరపెట్టిరేగాని, శాసనమైన పిదప కలుపుకొనిరి. సామానునకు సాధ్యమైనది గౌరవమునకు ఏల సాధ్యము కాదు? 2024 సెప్టెంబరులో అదే శాఖ నాలుగు పెద్ద కంపెనీల బహుమాన పథకములపై విచారణ ప్రారంభించి, లెక్కలు చూపుడని యడిగెను. మనదేశమున 2016 నాటి సవరణతో, టికెట్టుండియు విమానమెక్కనీయబడని ప్రయాణికునికి 20,000 రూపాయలవరకు పరిహారమీయవలెనని పౌరవిమానయానశాఖ నియమమున్నది. 1934 నాటి విమానచట్టమునకు బదులు భారతీయ వాయుయాన్ అధినియమము 2025 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. అయినను, వెలకట్టి అమ్మిన గౌరవమును నిరాకరించువారినిగూర్చి ఒక్క నియమమును చేయబడలేదు.

కావున మేము కోరునవి యివి. ఉమ్మడిపేరుతో చేసిన వాగ్దానమునకు ఆ పేరు ధరించిన ప్రతి కంపెనీయు ఉమ్మడిగా బాధ్యత వహింపవలెను. ప్రయాణికుడు తనకు సమీపమున నున్నవారినడిగి పొందగలుగవలెను. నిరాకరించినచో కారణమును వ్రాతమూలముగా నీయవలెను. అకారణముగ నిరాకరించినట్లు తేలినచో, పెట్టెకు పుచ్చుకొన్న సొమ్మును, మందిరప్రవేశమునకు అంగడిలోనున్న వెలను రొక్కముగా చెల్లింపవలెను. ఒకసారి సంపాదించిన గౌరవమును దాని గడువు ముగియులోగా తగ్గింపరాదు. కంపెనీ కూటమి వీడినను ఆ గడువువరకు పాతవారు మన్నింపవలెను. నడపు కంపెనీ వేరైనచో, అచట కార్డు చెల్లునో చెల్లదో టికెట్టు కొనుటకు ముందే, ధరప్రక్కనే, అదే పరిమాణముగల యక్షరములతో తెలుపవలెను. ఇందు అత్యాశ యేమున్నది? ఇవి సాధారణ వర్తకుని మర్యాదలు.

ప్రభుత్వము మేల్కొనువరకు ప్రయాణికులు చేతులు ముడుచుకొని యుండనక్కరలేదు. 2020 జూలై 20 నుండి అమలులోనున్న 2019 వినియోగదారుల రక్షణచట్టము అన్యాయపు ఒప్పందములనుగూర్చియు, ముఖ్యవిషయములను దాచు ప్రకటనలనుగూర్చియు స్పష్టముగా పలుకుచున్నది. మోసపుచ్చు ప్రకటనకు మొదటిసారి పదిలక్షల రూపాయలవరకు కేంద్రప్రాధికారసంస్థ జుల్మానా విధింపవచ్చును. సేవాలోపమునకు ఫిర్యాదుచేయుటకై ఢిల్లీకిగాని బొంబాయికిగాని పోనక్కరలేదు; గుంటూరువాడు గుంటూరులోనే, వరంగల్లువాడు వరంగల్లులోనే జిల్లా కమిషనులో వేసికొనవచ్చును. గడువు రెండేండ్లు. ఒప్పందమే అన్యాయమను ఫిర్యాదు మాత్రము రాష్ట్ర కమిషనునకు పోవలెను. ముందుగా 1915 అను టెలిఫోను సంఖ్యకు తెలుపుకొనవచ్చును. విమానమెక్కు చీటిని, రసీదును, నాటి నియమావళి ప్రతిని భద్రపరచుకొనుడు. కౌంటరువద్ద కేకలు వేయకుడు. “ఈ మాట వ్రాసి యిండు” అని యడుగుడు. నిరాకరించిన కంపెనీకిని, కార్డు ఇచ్చిన కంపెనీకిని ఒకే లేఖను ఒకేదినమున పంపుడు. ఒకరిపైనొకరు త్రోసివేయువారిని ఒకే వరుసలో నిలుపుటయే ప్రథమచికిత్స.

వీనినన్నిటిని మించిన ఔషధమొకటి గలదు. కంపెనీలు దీనిని విశ్వాసపథకమని పిలుచుకొనుచున్నవి. విశ్వాసము ఏకపక్షమైనచో దానికి దాస్యమని పేరు. మాట నిలుపని కంపెనీ కార్డును నిలుపుకొనుటకై సంవత్సరాంతమున అక్కరలేని ప్రయాణములు చేయువారిని చూచుచున్నాము. ఏటేట సొమ్ముపోసి కొనుచున్న ఆ బంగారుపేరు పరాయి కౌంటరువద్ద రాగియైనపుడు, దానిని బల్లపై విడిచివచ్చి, తక్కువ వెలకు, సరియైన వేళకు నడపువారి టికెట్టును కొనుడు. హుండీ త్రిప్పిన కోఠీని బజారు ఎట్లు శిక్షించెనో మన పూర్వులు చూపియున్నారు. రెండవమారు ఆ గుమ్మము నెవడును త్రొక్కలేదు.